చుక్కి, జూలీ, ఒక్క రింగు

రెండు కొప్పులు ఒకచోట ఇమడవని సామెత కట్టినవాళ్లెవరో డోర్నకల్ రైల్వే క్వార్టర్లలో కృపాకర్ ఇంటికి వచ్చి ఉండరు. వచ్చి ఉంటే సామెత మార్చుకునేవాళ్లు. రైలు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ కృపాకర్ భార్య మనీషా, అతని అక్క మార్తమ్మ, ఇద్దరూ ఆ రెండు గదుల్లో ఒకరి కాలు ఒకరు తొక్కకుండా బాగానే సర్దుకున్నారు. కొప్పులు ఇమిడాయి. ఇమడనివి తోకలు.

మనీషాకు జూలీ ఉంది. తెల్లటి కుక్క, చేతిలో పట్టేంత ఉన్నప్పుడు తెచ్చి పాలు పట్టి పెంచింది. పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు కలగని ఇంట్లో దానికి జరగని ముద్దంటూ లేదు. మార్తమ్మ బచ్చన్నపేట నుంచి వస్తూ తన చుక్కిని వెంట తెచ్చుకుంది. నల్లగా, నొసట తెల్ల మచ్చతో ఉంటుంది. మనుషులంటే ప్రాణం పెడుతుంది కానీ సాటి కుక్కను చూస్తే చాలు, వీపు మీద వెంట్రుకలు లేస్తాయి. పైగా రెండూ ఆడవే. మగకుక్కలు కొట్లాడితే ఎవరు పెద్దో తేల్చుకుని ఊరుకుంటాయి. ఆడకుక్కల పగ తేలేది కాదు, చల్లారేది కాదు.

వచ్చిన రోజే గడప మీద రెండూ కలబడ్డాయి. కృపాకర్ బకెట్ నీళ్లు గుమ్మరిస్తే గాని విడిపోలేదు. "నాలుగొద్దులు ఉండి పోత తమ్మీ, జర ఓర్చుకో" అంది మార్తమ్మ తల దించుకుని. నాలుగొద్దులే కదా అని అందరూ ఓర్చుకున్నారు.

అంతలో సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు మూతపడ్డాయి, బడులు మూతపడ్డాయి, చివరికి బస్సులూ ఆగాయి. బచ్చన్నపేటకు రైలు దారి లేదు. రోడ్ల మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. జీపులు ఒకటీ అరా నడిచినా వాటిలో మనుషులే వేలాడుతూ పోతుంటే కుక్కను ఎవరు ఎక్కించుకుంటారు?

"ఎట్ల పోతవక్కా? బస్సులు నడిచినంక పోదువు తీ" అన్నాడు కృపాకర్.

"గంతే గద" అంది మార్తమ్మ.

ఆ మాట అన్నప్పుడు ఆమె గుండెలో నుంచి పెద్ద బరువు దిగింది. దిగినందుకు సిగ్గూ వేసింది. ఎందుకంటే పోవడానికి ఆమెకు ఇల్లు లేదు. భర్త పోయాక ఏడాది తిరగకముందే మరిది ఉప్పలయ్య ఆమె గదికి తన తాళం వేసుకున్నాడు. కొడుకు పెళ్లి చేయాలి, గది కావాలన్నాడు. సామాన్లు బయట పెడుతుంటే అడ్డం నిలబడి మొరిగింది చుక్కి ఒక్కతే. ఆ సంగతి తమ్ముడికి చెప్తే కట్టె పట్టుకుని బచ్చన్నపేటకు పోయే రకం. అక్కడ వాళ్లు నలుగురు అన్నదమ్ములు. అందుకని నోరు మూసుకుంది. ఊరంతా తెలంగాణ రావాలని సమ్మె చేస్తుంటే, మార్తమ్మ ఒక్కతే సమ్మె ఆగిపోకూడదని లోలోపల మొక్కుకుంటోంది. ప్రార్థనలో ఆ మాట పైకి అనడానికి భయమేసి, "నీ చిత్తం ప్రభువా" అని దాటేసేది.

ఇక కుక్కల సంగతి కృపాకర్ తన పద్ధతిలో పట్టుకున్నాడు. రైల్వే బుర్ర ఊరికే ఉండదు కదా. వెనుకటికి ఒంటి లైన్ల మీద డ్రైవర్ చేతికి టోకెన్ ఇచ్చేవాళ్లు. ఆ టోకెన్ లేనిదే బండి ముందుకు పోదు. టోకెన్ ఒక్కటే బయట ఉంటుంది కాబట్టి రెండు బండ్లు ఎదురుపడవు. కృపాకర్ కూడా ఒక ఇనుప రింగుకు ఎర్ర పేలిక కట్టి వంటింటి మేకుకు తగిలించాడు.

"ఇనుండ్రి. కుక్కను ఇడవాలంటె ఈ రింగు మీ చేతిల ఉండాలె. లేకుంటె తలుపు తియ్యొద్దు. కుక్కను మల్ల లోపల పెట్టినంకనే రింగు మేకుకు తగిలియ్యాలె. బయటికెంచి తెచ్చేటోళ్లు గేటు కాడ్నే ఆగి రింగు అడగాలె. ఇంట్ల ఒక్కటే రింగు, ఇడిసేది ఒక్కటే కుక్క." ఆ తర్వాత కాస్త ఆగి ఇంకో మాట అన్నాడు. "మనిషి మీద పన్ను పెట్టిన కుక్క మాత్రం ఈ ఇంట్ల ఉండది. అది ఎవ్వలదైనా సరే."

మనీషా తలూపింది. మార్తమ్మ కూడా ఊపింది. చుక్కి పోతే తనూ పోవాల్సిందేనని ఆమెకు తెలుసు.

అప్పటినుంచి ఆ ఇల్లు ఇల్లులా లేదు, సిగ్నల్ పడని స్టేషన్‌లా ఉంది. ఎప్పుడూ ఒక తలుపు మూసే ఉండాలి. జూలీ ముందు గదిలో తిరుగుతుంటే మార్తమ్మ వెనక గదిలో చుక్కితో కూర్చునేది. కిటికీలోంచి కదలని బొగ్గు వ్యాగన్లు కనిపించేవి. ఉక్కపోత. తలుపు కింది సందులో జూలీ ముక్కు పెట్టి గుర్రుమంటే ఇవతల చుక్కి గుర్రుమనేది. వాటి మధ్య మార్తమ్మ అడకత్తెరలో పోకచెక్క. ఇరుగుపొరుగుకు పోదామన్నా, తను లేనప్పుడు ఏమవుతుందోనని ప్రాణం ఒప్పదు. పని అందుకుందామంటే, "మీరు కూసోండ్రి వదినె, సుట్టపుచూపుగ వచ్చిండ్రు" అనేది మనీషా. ఆ మర్యాద చెంపదెబ్బలా తగిలేది.

ఒకనాడు ఆ రింగు పోయింది.

చుక్కిని పెరట్లో తిప్పి, బట్టలు ఉతికి, ఆరేసి చూసుకుంటే చేతికి లేదు. మల్లెపొద కింద వెతికింది, రాతి బండ చుట్టూ వెతికింది. చెప్పేస్తే పోయేది. అదేమన్నా బంగారమా? కానీ పరాయి ఇంట్లో తింటున్న మనిషికి ప్రతి తప్పూ గుదిబండే. ఒక చిన్న పనీ చేతకాదా అనుకుంటారని భయం. కృపాకర్ రింగు తీసిన రేకు డబ్బాలోనే అలాంటివి ఇంకా ఉన్నాయి. ఒకటి తీసి, అదే ఎర్రగుడ్డలోంచి ఇంకో పేలిక చింపి కట్టి, మేకుకు తగిలించింది. ఎవరికీ అనుమానం రాలేదు. రైల్వే పని తెలిసిన మనిషైతే, ఒక లైనుకు రెండో టోకెన్ ప్రాణం పోయినా చేయదు. మార్తమ్మ పత్తి ఏరిన చేతులకు ఆ పని చాలా తేలిగ్గా అయిపోయింది.

రైల్ రోకో నాడు పట్టాల మీదే వంటలు మొదలయ్యాయి. కృపాకర్ స్టేషన్‌లో ఉన్నాడు. మనీషా చూసొస్తానని జూలీకి గొలుసు వేసి తీసుకుపోయింది. ఎలాగూ ఆలస్యమవుతుందని మార్తమ్మ మేకు మీది రింగు తీసుకుని, చుక్కిని పెరట్లోకి వదిలింది. పాపం, అదీ ఎంతసేపని గదిలో ఉంటుంది?

పట్టాల దగ్గర డప్పుల మోతకు జూలీ బెదిరిపోయింది. మనీషా వెంటనే వెనక్కి తిరిగింది. పెరటి గేటు దగ్గర ఆగి, రింగు అడగబోతూ కిందికి చూస్తే మల్లెపొద మొదట్లో, చుక్కి గోళ్లకు మట్టిలోంచి బయటపడిన ఎర్ర పేలిక కనిపించింది. తన కోసమే వదినె అక్కడ పెట్టిందనుకుంది. రింగు చేతిలోకి వచ్చింది. చుక్కి రాతి బండ చాటున ఉండి కనిపించలేదు. ఇక దారి ఖాళీ. గొలుసు విప్పేసింది.

మార్తమ్మ చూసేసరికి తెలుపూ నలుపూ ఒక్క ముద్దయి దొర్లుతున్నాయి. బకెట్ కోసం పరిగెత్తింది, బకెట్లో నీళ్లు లేవు. కుక్కల మధ్య చెయ్యి పెట్టొద్దని ఎవరికి తెలియదు? కానీ జూలీ చెవి చుక్కి నోట్లో ఉండేసరికి మనీషా కన్నతల్లిలా పోయి మధ్యలో చెయ్యి పెట్టింది. చుక్కి చెవి వదిలి ఆ చేతిని పట్టుకుంది. మార్తమ్మ కళ్లారా చూసింది. గోనెసంచి వాటి మొహాల మీద పడేసి, చుక్కి వెనక కాళ్లు రెండూ ఎత్తి పట్టుకుని, అలాగే వెనక్కి ఈడ్చుకుపోయి గదిలో పడేసి గొళ్లెం పెట్టింది.

మనీషా మోచేతి కింద రెండు పళ్లు దిగాయి. మార్తమ్మ ఆమెను నల్లా కింద కూర్చోబెట్టి సబ్బుతో కడిగింది. మళ్లీ మళ్లీ కడిగింది. "పిల్లా, రింగు నేనే" అని మొదలుపెట్టేసరికి కబురందిన కృపాకర్ గసపోసుకుంటూ వచ్చాడు.

"ఏది కరిసింది?"

మార్తమ్మ నల్లా కట్టేసింది. మనీషా ఆమె వైపు ఒకసారి చూసింది.

"జూలీ" అంది. "నడిమిట్ల చెయ్యి పెట్టిన. నేనని తెల్వక కరిసింది."

సూది మందు కోసం దవాఖానకు పోయి వచ్చారు. మార్తమ్మకు బతికిపోయానన్న సంతోషం కలిగింది, నిజం. ఆ సంతోషానికి సిగ్గేసి కంచం ముందు నుంచి లేచిపోయింది, అదీ నిజమే.

బస్సులు మళ్లీ నడుస్తాయన్నారు. పొద్దున్నే కృపాకర్ జూలీ మెడకు తాడు కట్టాడు. మహబూబాబాద్ దగ్గర మనీషా తల్లిగారి ఊళ్లో వదిలి వస్తానన్నాడు. అన్న మాట మీద నిలబడే మనిషి. జూలీ తోక ఊపుతోంది, షికారు అనుకుని. మనీషా దాని గిన్నె కడుగుతూ అటు తిరిగి నిలబడింది. గిన్నె ఎప్పుడో శుభ్రమైంది. అయినా కడుగుతూనే ఉంది.

చెప్తే చుక్కి పోతుంది, దాని వెనక తను పోవాలి, ఎక్కడికో తెలియదు. చెప్పకపోతే ఈ ఇంట్లోనే ఉంటుంది, రోజూ ఆ ఖాళీ గిన్నెను చూస్తూ. మార్తమ్మ గేటు దాకా నడిచి, దానికి అడ్డంగా నిలబడింది.

"తమ్మీ, జూలీని ఇడువు. కరిసింది చుక్కి. రింగు పోగొట్టి, ఇంకోటి కట్టింది నేను. నీ పెండ్లాం అబద్ధమాడింది."

కృపాకర్ కోపంగా భార్య వైపు తిరిగాడు. "ఎందుకాడినవ్?"

మనీషా గిన్నె కింద పెట్టింది. "వదినెకు పోను ఇల్లు లేదు. ఉప్పలయ్య నాకు ఫోన్ చేసిండు. మీ ఆడబిడ్డను ఇగ ఇటు తోలొద్దన్నడు. నీకు చెప్తే కట్టె పట్టుకోని పోతవు. అందుకే చెప్పలే."

"ఎప్పుడు చేసిండు?"

"బస్సులు బందు కాకముందే."

మార్తమ్మ గేటు ఊచ పట్టుకుంది. అంటే ఇన్నాళ్లూ తను దాచుకున్నది ఆ పిల్ల ముందు దాగనే లేదు. చుట్టమని మర్యాద చేసింది కూడా తనను చిన్నబుచ్చడానికి కాదు, తను కట్టుకున్న అబద్ధం కూలిపోకుండా ఓ చెయ్యి అడ్డం పెట్టడానికే.

"సమ్మె ఉన్నన్ని దినాలు సుట్టాన్ననుకున్న తమ్మీ. అయిపోతె నేను ఏందో నాకే తెల్వది" అంది. "చుక్కిని నేను తీస్కపోత. ఎటన్న పోత."

కృపాకర్ తాడు చేతికి చుట్టుకున్నాడు. ముందు బచ్చన్నపేటకు పోదామన్నంత కోపం మొహంలోకి వచ్చింది, మెల్లగా దిగింది. మూసి ఉన్న వెనక గది తలుపు వైపు చూశాడు. లోపల చుక్కి గోళ్లతో తలుపు గీకుతోంది. ఇవతల జూలీ అప్పుడే గుర్రుమంటోంది.

"అక్కా, కుక్కలు ఎన్నేండ్లు బతుకుతయి?"

"మంచిగ సూసుకుంటె పది, పన్నెండు."

"ఇవి ఎన్నటికన్న కలుస్తయా?"

మార్తమ్మ అబద్ధం చెప్పలేకపోయింది. "కలువయి తమ్మీ."

"అయితె పదేండ్లు ఒక తలుపు ఏసుకునే బతకాలె" అన్నాడు. ఒంగి జూలీ మెడ తాడు విప్పడం మొదలుపెట్టాడు. ముడి గట్టిగా పడింది, వేళ్లకు రాలేదు. మనీషా కట్టు కట్టిన చెయ్యి పక్కకు పెట్టుకుని, రెండో చేత్తో ఆ ముడి అందుకుంది.

"బతుకుదాం తీ" అంది.