కళ్ళు చెరిపిన మంద

అనకాపల్లిలో ఒక మిషన్ స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా పనిచేసే రోజలిన్ ఏనాడూ కంప్యూటర్ గేమ్ ఆడి ఎరగదు. అలాంటి మనిషి రెండువేల ఏడులో వేసవి సెలవులన్నీ అంతరిక్షంలో బతికే జంతువుల బొమ్మలు గీస్తూ కూర్చుందంటే, దానికి కారణం తమ్ముడు దేవప్రసాద్.

అతను విశాఖపట్నంలో పదకొండు మంది ఉండే ఒక చిన్న ఆఫీసులో ప్రోగ్రామరు. విదేశీ కంపెనీ ఒకటి తయారుచేస్తున్న గేమ్‌లో కొంత పని వీళ్ళ చేతికి వచ్చింది. నక్షత్రాల మధ్య రాజ్యాలు కట్టుకోవడం, ఓడలు పంపడం, పక్కవాడి గ్రహాన్ని లాక్కోవడం, అదీ ఆట. అందులో కొత్తగా శూన్యంలో తిరిగే జంతువుల్ని పెట్టాలనీ, ఓడలకు కావలసిన ఇంధనం వాటినుంచి దొరకాలనీ కంపెనీవాళ్ళు అడిగారు. సరిగ్గా అప్పుడే ఆఫీసులో బొమ్మలు వేసే ఆయన ఉద్యోగం మానేసి హైదరాబాదు వెళ్ళిపోయాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక దేవప్రసాద్ అక్క ఇంటికి వచ్చి సంగతి చెప్పాడు.

"నీకు తోచినట్టు గియ్యక్కా. అక్కడ గాలుండదు, నీళ్ళుండవు. అలాంటిచోట బతికేది ఎలాగుంటాదో ఎవడు చూసేడు?"

రోజలిన్ మూడు రోజులు కాగితం ముట్టుకోలేదు. నాలుగోనాడు పూడిమడక సముద్రం ఒడ్డున ఇసకలో పడి ఉండే జెల్లీ చేపలు గుర్తొచ్చాయి. ఆ గొడుగులాంటి ఒంటిని కొండంత చేసి గీసింది. కింద వేలాడే పోగుల్ని తెరచాపల్లా విప్పింది. అయినా అది వస్తువులాగే ఉంది గాని జీవి కాలేదు. ఆఖరికి, పక్కింటి కాసులమ్మ గేదె గుమ్మంలోంచి తనకేసి చూస్తుంటే, ఆ కళ్ళు పెట్టింది. పెద్దవి, తడిగా, ఏ తొందరా లేనివి. అప్పుడు బొమ్మ లేచి కూర్చుంది.

"మరి ఇంధనం ఎక్కణ్ణించి వత్తాది?" అన్నాడు దేవప్రసాద్.

"చెరకు రసం కాగినప్పుడు పైన తెట్టు కడతాది చూడు, అలాగ. నక్షత్రం వెలుగు తగిలితే దీని ఒంటిమీద నురగ కడతాది. ఓడలొచ్చి తీసుకుపోతాయి. మళ్ళీ కడతాది. దీనికేటీ కాదు."

అతనికి ఆ మాట నచ్చింది. నెల తిరిగేసరికి ప్రోగ్రాం రాసి, తన కంప్యూటర్ని ఆటోలో వేసుకొచ్చి అక్క ఇంటి ముందుగదిలో పెట్టాడు. నల్లటి తెర మీద నలభై జంతువులు ఒక పసుపుపచ్చ నక్షత్రం చుట్టూ మెల్లగా తేలుతున్నాయి. పిల్లలు తల్లుల్ని ఆనుకుని కదులుతున్నాయి. రోజలిన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడిపోయింది. రైల్వే పార్సిల్ ఆఫీసులో పనిచేసే ఆమె భర్త ఇమ్మాన్యుయేల్, డ్యూటీకి టైమైపోతున్నా కదల్లేదు.

ఆగస్టులో దేవప్రసాద్ తన పైఅధికారి త్రినాధరావుని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన మంచి మనిషి. టీ తాగి, గోడకున్న బొమ్మలన్నీ ఒక్కొక్కటిగా మెచ్చుకుని, అప్పుడు అసలు సంగతికి వచ్చాడు.

"మీ జంతువులు వాళ్ళకి బాగా నచ్చేయి మేడమ్. అయితే నురగ కట్టేదాకా ఆడేవాళ్ళు ఆగరంట. కోస్తే ఒకేసారి పదింతలు ఇంధనం రావాలంటన్నారు. కోతకి ఆరు బొమ్మలు కావాలి. మొదటి గాటు నించి ఏటీ మిగలనంత వరకూ."

రోజలిన్ గోడకున్న బొమ్మలకేసి చూసింది.

"ఇంకోటుంది మేడమ్. ఆడి చూసినవాళ్ళలో కొందరు కొయ్యడానికి వెనకాడేరంట. కళ్ళ వల్ల అని రాసేరు. ఆ కళ్ళు తీసెయ్యాలి."

ఆమె తమ్ముడి వైపు చూసింది. అతను టీ గ్లాసులోకి చూస్తున్నాడు.

"నేను తియ్యకపోతే?"

"మీరేనని కాదు మేడమ్. పని మొత్తం వేరేవాళ్ళకి ఇచ్చేత్తారు. మాకున్నది ఇదొక్కటే." ఆయన గొంతులో బెదిరింపేమీ లేదు. ఆయనకి కూడా ఆ మాట చెప్పడం ఇష్టం లేదని ఆమెకు తెలుస్తూనే ఉంది. కోప్పడదామంటే ఎదురుగా కోప్పడదగిన మనిషి లేకపోయాడు.

ఆయన బస్సుకి వెళ్ళిపోయాక తమ్ముణ్ణి నిలదీసింది. "నువ్వైనా చెప్పలేవేటి?"

"నేనెవర్నక్కా? ఆయనే చెప్పలేడు. ఆ కంపెనీలో మనకి ఉత్తరం రాసేవాడు కూడా ఇంకెవరో చెప్తే రాత్తాడంట."

"బొమ్మలే కదా రోజా, ప్రాణమున్నవి కావు గదా," అన్నాడు ఇమ్మాన్యుయేల్. ఓదార్చాలనే అన్నాడు. అందులో ఆమెకు తప్పేమీ కనబడలేదు. రబ్బరు తీసుకుని కూర్చుంది.

కళ్ళు రబ్బరుతో పోలేదు. ఎంత రుద్దినా రెండు బూడిదరంగు మచ్చలు మిగిలాయి. కొత్త కాగితం మీద మొదట్నించీ కళ్ళు లేకుండా గీసింది. తర్వాత కోతలు. మొదటిది గియ్యడానికి రెండు రోజులు పట్టింది, ఆరోది ఒక గంటలో అయిపోయింది. చర్మం ఎలా విడుతుందో, లోపలి వెలుగు ఎలా ఆరుతుందో చెయ్యి తనంతట తానే కనిపెట్టి గీసుకుపోయింది. బాగా వచ్చాయి. బాగా వచ్చాయని తెలిసి ఆమె ఆ పూట అన్నం తినలేదు.

తమ్ముడికి బొమ్మలిచ్చేటప్పుడు ఒక్కటే అడిగింది. "చివరి రెంటినీ ఉంచరా. ఎవరికీ కనబడకుండా ఎక్కడో ఓ మూల."

దేవప్రసాద్ ఆఫీసులో ఎవరికీ చెప్పకుండా ఆ పని చేశాడు. మందలో రెండే మిగిలితే అవి మాయమై, ఏ ఓడా వెళ్ళలేని చోటికి పోయేలా ప్రోగ్రాంలో నాలుగు వరుసలు రాశాడు. అక్కకి ఫోన్ చేసి చెప్తే ఆమె ఫోన్లోనే ప్రార్థన చేసింది. మూడు వారాలైంది. గేమ్ పరీక్షించేవాళ్ళు దాన్ని ప్రోగ్రాంలో పొరపాటని పట్టుకుని, "రెండు జంతువులు మిగిలిపోతున్నాయి, కోతకు దొరకడం లేదు, సరిచేయాలి" అని రాసి పంపారు.

"ఎవరు తీసేరు?" అంది రోజలిన్.

"నేనే తీసేనక్కా. నా చేతే తీయించేరు."



మరుసటి ఏడాది గేమ్ విడుదలైంది. నవంబరులో ఒక సాయంత్రం ప్రశ్నపత్రం ప్రింటు తీయించుకోడానికి రోజలిన్ నెట్ సెంటర్‌కి వెళ్ళింది. పక్క కంప్యూటర్ ముందు మెడికల్ రిప్రజెంటేటివ్ ఒకతను, బ్యాగు కాళ్ళ దగ్గర పెట్టుకుని, ఆ గేమే ఆడుతున్నాడు. ఆమె చూస్తోందని గమనించి మర్యాదగా కుర్చీ కొంచెం జరిపాడు.

"కొత్త గేమండి. ఇవి మంచి సరుకు. ముందు పెద్దదాన్ని కొయ్యాలి. దాన్ని కోత్తే చిన్నవి పారిపోవు, చుట్టూరా తిరుగుతాయి. అన్నీ దొరికేత్తాయి."

"కొయ్యకుండా కాసేపాగితే..." అంది రోజలిన్.

"ఆగితే ఏటవుతాదండి?"

ఇప్పుడు ఏమీ అవదు. ఆ నురగ కట్టే ప్రోగ్రాం ఎప్పుడో తీసేశారు. ఆమెకు ఆ సంగతి తెలుసు. "ఏం లేదండి," అని, ప్రింటు కాగితాలు తీసుకుంది. గుమ్మం దాటేలోపు వెనక్కి తిరిగింది. తెర మీద ఖాళీ చీకటి, మధ్యలో నక్షత్రం ఉన్నాయి. అతను అప్పటికే ఓడల్ని ఇంకో వైపుకి తిప్పుతున్నాడు.

క్రిస్మస్ ముందు దేవప్రసాద్ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. ఆడేవాళ్ళకి జంతువులు బాగా నచ్చాయని కంపెనీ రాసిందట. ఇంకో అయిదు రకాలు కావాలట. ఆఫీసుకి మరో రెండేళ్ళు ఢోకా లేదట.

"వాటినీ కొయ్యడానికేనా?" అంది.

"కొయ్యకపోతే ఎందుకక్కా అడుగుతారు?" అన్నాడు మెల్లగా. "నువ్వు వద్దంటే వద్దని చెప్పేత్తాను," అన్నాడు. వద్దని చెప్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

తమ్ముడు పొద్దున్నించీ ఏమీ తినలేదని ఎండిన పెదాలు చూస్తేనే తెలిసింది. రోజలిన్ లోపలికి వెళ్ళి కంచం కడిగి, అన్నం పెట్టింది.