ముప్పై నాలుగు పేర్లు

మగలి మీద నాకు అసూయ పుట్టింది ఆమె ఉద్యోగం పోయాకే. అంతకుముందు పందొమ్మిదేళ్ళు ఒకే గదిలో ఎదురుబదురు బల్లల దగ్గర పనిచేశాం, అప్పుడెప్పుడూ లేదు. 'లా రిబేరా' పత్రికలో సగం మందిని తీసేసిన రోజున నా పేరు ఉండేవాళ్ళలో ఉంది, ఆమె పేరు పోయేవాళ్ళలో ఉంది. అట్టపెట్టెలో తన సామాను సర్దుకుంటుంటే పక్కనే నిలబడి ఓదార్చాను. నిజం చెప్పాలంటే, ఆ ఓదార్పులో నాకు కొంచెం హాయి కూడా ఉంది.

మూడు నెలలు తిరక్కుండానే ఆమె సెల్‌ఫోన్ పట్టుకుని రేవులో నిలబడింది. ఏ లాంచీ వచ్చింది, ఏది రాలేదు, ఉకయాలి నది ఎంత పొంగింది, అరటి గెల ఎంత పలుకుతోంది, అన్నీ లైవ్‌లో, నడుస్తూ, ఆయాసపడుతూ, మధ్యలో ఎవరినో పలకరిస్తూ చెప్పేది. ఏడాది గడిచేసరికి మా ఊరు పుకాల్పాలో చేపలమ్మే ఆడవాళ్ళ దగ్గర్నుంచి మూడు చక్రాల మోటోకార్లు తోలేవాళ్ళ దాకా అందరి ఫోన్లలో ఆమె గొంతే. నేను ఒక వాక్యం ఎలా ముగించాలా అని పావుగంట ఆలోచించేదాన్ని. ఆమె వాక్యాన్ని సగంలో వదిలేసి "అదుగో, అదుగో చూడండి!" అనేది. ఊరంతా చూసేది.

ఒకసారి నేనెక్కిన మోటోకార్ అతను అద్దంలోంచి నన్ను గుర్తుపట్టాడు.

"మీరు పేపర్లో రాస్తారు కదక్కా? నిన్నటి సంగతులు ఇవాళ వేస్తారే, అందులోనే కదా?"

వెక్కిరింపు కాదు. గుర్తుపట్టినందుకు నేను సంతోషిస్తాననుకున్నాడు.

మా సంపాదకుడు దోన్ ఎవరిస్తో దగ్గర మగలిని తిట్టేదాన్ని. "ఒక్క మాట సరిచూసుకోదండీ. మనం ఇద్దర్ని అడక్కుండా ఒక్క అక్షరం వేస్తామా? వృత్తి అంటే అదీ!" ఆయన తల ఊపేవాడు. ఊపుతూనే బల్ల మీది ఫోన్ బోర్లా తిప్పేవాడు. అందులో మగలి వస్తుండేది. ఆయన్నని ఏం లాభం? రోజూ పొద్దున కాఫీ చల్లారేదాకా నేనూ చూసేదాన్ని. తెర మీద పైకి ఎగిరే ఎర్ర గుండె బొమ్మలు చూస్తే నాకు నిజంగానే కడుపులో మండేది.

ఫిబ్రవరిలో, నది నిండుగా ఉన్న రోజుల్లో, 'సాన్ ఎలియాస్' అనే లాంచీ తెల్లవారుజామున కొట్టుకొస్తున్న దుంగకు తగిలి మునిగిపోయింది. ఎగువన పుయెర్తో మిష్కి అనే పల్లె దగ్గర. పది గంటలకల్లా రేవు మెట్ల నిండా జనం. ఎవరు బతికారో, ఎవరు పోయారో తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. మగలి వాళ్ళ మధ్యలో ఉంది. నేను కాస్త ఎడంగా, గొడుగు కింద ఉన్నాను.

పన్నెండుంపావుకి నా ఫోన్ మోగింది. ఒబ్దూలియా. పుయెర్తో మిష్కి ఆరోగ్య కేంద్రంలో నర్సు. మందులు రావడం లేదని ఒకప్పుడు నేను వరసగా నాలుగు వార్తలు రాస్తే ఆ కేంద్రానికి మందులొచ్చాయి. ఆ సంగతి ఆమె మర్చిపోలేదు.

"నెలీదా, నీళ్ళ ట్యాంకు ఎక్కి మాట్లాడుతున్నా. ఇంకెక్కడా సిగ్నల్ లేదు. చార్జింగ్ కూడా అయిపోవచ్చింది. బతికినవాళ్ళ పేర్లు చదువుతా, గబగబా రాసుకో. అక్కడ వాళ్ళవాళ్ళు ఉంటారు కదా, చెప్పేయ్."

ముప్పై నాలుగు పేర్లు రాసుకున్నాను. పందొమ్మిదో పేరు ఎల్మెర్ షుపింగాహువా. చివరి పేరు చెప్పి ఆమె "దేవుడు..." అంటుండగా ఫోన్ తెగిపోయింది.

చెయ్యగలిగిన ఆ ఒక్క ఫోను ఒబ్దూలియా నాకు చేసింది. మగలికి కాదు, నాకు. ఆ క్షణంలో నాకు తోచింది ఇదే. పేర్లు కాదు, వాళ్ళ తల్లులు కాదు.

ఇరవై మెట్ల కింద ఒక పెద్దావిడ నెత్తిన నీలం ప్లాస్టిక్ పట్టా కప్పుకుని, కొడుకు ఫొటో మగలి ఫోన్ ముందు పెడుతోంది. "మా ఎల్మెర్. ఎల్మెర్ షుపింగాహువా. ఇరవై రెండేళ్ళు. పచ్చ చొక్కా వేసుకున్నాడు. ఎవరైనా చూశారా బాబూ?"

మగలి నన్ను చూసి ఫోన్ దించి పైకొచ్చింది. తడిసి ముద్దయిపోయింది.

"నెలీ, నీకేమైనా తెలిసిందా? ఏదైనా సరే."

నోట్‌బుక్ నా సంచిలో ఉంది.

"ఇంకా లేదు."

"ఆ పెద్దావిడ అసుంత. పొద్దుట్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదే."

"తెలిస్తే చెప్తానులే," అన్నాను.

ఒక్కరి మాట మీద పేర్లు బయటపెట్టకూడదు, ఒక్క పేరు తప్పయినా ఒక తల్లి గుండె పగులుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. అది మంచి నియమమే. ఇరవై ఏళ్ళుగా పాటించిందే. కానీ రెండు గంటలకి రేవు కార్యాలయంలో వైర్‌లెస్ మీద ముప్పై నలుగురు బతికారని తేలింది. పేర్లు వాళ్ళ దగ్గర లేవు గానీ లెక్క సరిగ్గా సరిపోయింది. ఇక నాకు నియమం అడ్డు లేదు. అయినా మెట్లు దిగలేదు. మోటోకార్ ఎక్కి ఆఫీసుకు వెళ్ళాను.

దోన్ ఎవరిస్తో నోట్‌బుక్ చూసి లేచి నిలబడ్డాడు. "ఇది ఇంకెవరి దగ్గరైనా ఉందా?"

"లేదు."

"ఎప్పుడొచ్చింది?"

"ఇప్పుడే," అన్నాను.

మర్నాడు ఏడింటికల్లా పత్రిక ఒక్కటి మిగల్లేదు. జనం గోడకు ఆనించి, ఒకరి భుజం మీంచి ఒకరు చదివారు. మగలి రేవులో పత్రిక పట్టుకుని పేర్లన్నీ బిగ్గరగా చదివింది. చదివి, "ఇదంతా నెలీదా పనే. నేను నిన్నంతా అరిచాను గానీ ఒక్క పేరు పట్టుకోలేకపోయాను. పేపరు కొనుక్కోండి," అంది. సాయంత్రం మళ్ళీ అదే మాట అంది. ఆ ముక్క నేను నాలుగుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. గుండె బొమ్మలు ఎగురుతూనే ఉన్నాయి. ఆ ఒక్కసారికి అవి నావి.

మూడోరోజు అసుంతమ్మ మా ఆఫీసుకొచ్చింది. అన్నం ఆకుల్లో కట్టి ఉడికించిన హువానెలు తెచ్చింది, ఇంకా వేడిగా ఉన్నాయి. నా చేతులు పట్టుకుంది.

"ఆరోజు నాలుగింటికి పడవలో ఏడుగుర్ని తెచ్చారమ్మా. షెడ్డులో పడుకోబెట్టారు. ఒక్కొక్క గుడ్డ ఎత్తి చూశాను. ఏడూ చూశాను. ఐదో అబ్బాయిది పచ్చ చొక్కానే. మావాడే అనుకుని అక్కడే కూలబడ్డాను. మొహం తుడిచి చూస్తే కాదు. కాదని ఎంత సంతోషపడ్డానో! ఎవరో కన్నబిడ్డను చూసి సంతోషపడ్డానమ్మా. తెల్లారి మీ పేపరు చూసేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు."

ఆ హువానెలు మా వాళ్ళంతా తిన్నారు. బాగున్నాయన్నారు.

ఆ సాయంత్రం మగలిని వెతుక్కుంటూ వెళ్ళాను. రేవు పక్క కొట్లో వేయించిన అరటికాయ ముక్కలు తింటోంది.

"ఒబ్దూలియా నాకు పేర్లు పన్నెండుంపావుకే చెప్పింది," అన్నాను.

"తెలుసు. మర్నాడు బతికినవాళ్ళతో పాటు తనూ పడవ దిగింది. 'నెలీదాకి మధ్యాహ్నమే చెప్పానే, వీళ్ళకెవరూ చెప్పలేదా' అని నన్నే అడిగింది."

"మరి ఆ సాయంత్రం మళ్ళీ నన్ను పొగిడావు కదే! తెలిసి కూడానా?"

"ఏం చెయ్యమంటావు? నీ సంగతి చెప్తే జనం నన్నేమైనా మెచ్చుకుంటారా? 'ఈ వార్తలవాళ్ళంతా ఇంతే' అంటారు. వాళ్ళకి నువ్వూ నేనూ ఒకటేనే, పిచ్చిదానా." ఒక ముక్క నా వైపు జరిపింది. "ఎందుకు చెప్పలేదు?"

"నీకు ఇవ్వాల్సొస్తుందని."

ఆమె నమలడం ఆపేసింది. "నాకెందుకివ్వడం? నా ఫోన్ ముందు నువ్వే నిలబడి చదివుంటే పోయేది కదే."

అది నాకు తట్టనే లేదు. ఇరవై మెట్లు దిగి, ఆమె పక్కన నిలబడి, నా గొంతుతో చదవొచ్చని ఆ మధ్యాహ్నం ఒక్కసారి కూడా తట్టలేదు. మగలి మిగతా ముక్కలు కూడా నా వైపు జరిపింది. తిట్టినా బాగుండేది.

ఆదివారం అసుంతమ్మ ఇల్లు కనుక్కుని వెళ్ళాను. చెక్క మెట్ల మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. లోపల ఎల్మెర్ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. కూర్చోమంది, కూర్చోలేదు. చెప్పేశాను.

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"మధ్యాహ్నం అంటే ఎన్ని గంటలకి?"

"పన్నెండుంపావుకి."

"నేను షెడ్డుకెళ్ళింది నాలుగింటికి."

"తెలుసమ్మా."

చేతిలో కాయ ఒలిచి గిన్నెలో వేసింది. క్షమించమని అడుగుదామనుకున్నాను గానీ అడగలేదు.

"ఆ మగలమ్మకి తెలుసా ఇది?"

"తెలుసు."

"తెలిసీ మీ మీద ఎవరికీ చెప్పలేదా?"

"లేదు."

"ఎంత మంచి మనిషో," అంది అసుంతమ్మ. చిక్కుళ్ళ గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆ గుమ్మం ముందు, అంత సిగ్గులోనూ, నాకు మళ్ళీ కడుపులో మండింది.