ఏడో హోల్ మీద ఆగిన డిస్క్

వీరభద్రం రోజూ ఎనిమిదింటికల్లా ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్య కృష్ణవేణి సర్దిన లంచ్ బాక్స్ పట్టుకుని, ఇర్వింగ్‌లోని అపార్ట్‌మెంట్ నుంచి ఆఫీసుకి బయల్దేరతాడు. ఆ ఆఫీసు ఆయన్ని వద్దనుకుని ఆరు వారాలైంది. బ్యాడ్జి వెనక్కి ఇచ్చేశాడు. దాని తాడు మాత్రం జేబులోంచి కాస్త కనబడేలా పెట్టుకుంటాడు. రెండు వారాల్లో ఇంకో ఉద్యోగం దొరుకుతుంది, అప్పుడు రెండు కబుర్లూ కలిపి చెప్పేద్దాం అనుకున్నాడు. అప్పట్లో అది మహా తెలివైన ఆలోచనలా తోచింది.

కారు తీసుకెళ్లి ఒక కాలేజీ లైబ్రరీ ముందు పెట్టేవాడు. పొద్దున్నంతా ఉద్యోగాలకి అప్లై చేయడం, మధ్యాహ్నం క్యాంపస్‌లో తిరగడం. అలా తిరుగుతుంటే కరీంనగర్ నుంచి మాస్టర్స్‌కి వచ్చిన దేదీప్య పరిచయమైంది. ఒకరోజు అక్కడి డిస్క్ గోల్ఫ్ మైదానం దగ్గర పళ్లెం లాంటి డిస్క్ ఒకటి ఆయన చేతిలో పెట్టింది.

"గొలుసులు వేలాడుతున్న ఆ బుట్టలో పడాలె అంకుల్. తక్కువ సార్లు విసిరినోళ్లే గెలిచినట్టు. తొమ్మిది హోల్స్, అంటే తొమ్మిది బుట్టలు, అంతే."

నలభై రెండేళ్లకే అంకుల్ అనిపించుకున్నందుకు నొచ్చుకున్నాడు గానీ డిస్క్ తీసుకున్నాడు.

"అడుగున నంబర్ రాయండి. పోతే, దొరికినోళ్లు మెసేజ్ పెడ్తరు. ఈడ అందరు అట్లనే చేస్తరు."

మార్కర్‌తో పెద్దపెద్ద అంకెల్లో రాసేశాడు. ఇండియన్ స్టోర్‌లో, ఫార్మసీలో, గుడిలో, పద్నాలుగేళ్లుగా ఎవరు ఫోన్ నంబర్ అడిగినా ఆయన నోటికొచ్చేది కృష్ణవేణి నంబరే. చేతికీ అదే వచ్చింది. ఆ సంగతి ఆయన గమనించనైనా లేదు.

ఆ మైదానంలో ఏడో హోల్‌కి ఒక పద్ధతుంది. ఇంట్లో చెప్పాల్సిన మాట దాచుకుని విసిరితే డిస్క్ కింద పడదు. సగం దూరం వెళ్లి, రెండు నిలువుల ఎత్తున గాల్లో ఆగిపోతుంది. చెప్పేశాక పడుతుంది. ఆగిన డిస్క్‌కి ఒక విసురు అదనంగా కలుపుకోవాలని స్కోర్‌కార్డు వెనక రాసే ఉంటుంది. గడ్డి కోసే అతను వాటి కిందినుంచే బండి నడుపుకుపోతాడు. మార్కులొచ్చే వారంలో పదీ పదిహేను వేలాడుతుంటాయి. పిల్లలు ఓ పక్కకెళ్లి ఇంటికి ఫోన్ చేసుకొచ్చి, ఎవరిది వాళ్లు ఏరుకుంటారు.

వీరభద్రం మోకాలి నొప్పి వంకతో ఇన్నాళ్లూ ఆ హోల్‌ని ఎగ్గొడుతూ వచ్చాడు.

మంగళవారం భోజనాల దగ్గర కృష్ణవేణి చెప్పింది. కంపెనీ ఆమెని టీమ్ లీడ్‌గా వేరే రాష్ట్రంలోని రెడ్‌మండ్ రమ్మంటోంది. శుక్రవారం ఐదింటిలోపు జవాబివ్వాలి.

"మీ ఉద్యోగం ఇక్కడుంటే నేనెలా వెళ్తాను? వద్దని రాసేస్తా."

"నీ ఇష్టం" అన్నాడు వీరభద్రం. ఆ పైన అన్నం సయించలేదు.

మర్నాడు ఏ ధ్యాసలో ఉన్నాడో, ఏడో హోల్ దగ్గరా విసిరేశాడు. డిస్క్ ఆగిపోయింది. అడుగున ఉన్న నంబరు లోకానికంతటికీ కనబడుతూ.

శుక్రవారం ఒంటిగంటకి దాని కిందే బెంచీ మీద కూర్చుని పెరుగన్నం తింటున్నాడు. దేదీప్య తలెత్తి చూసింది.

"ఆ నంబర్ మీదే గద అంకుల్?"

అప్పుడు చదివాడు. "మా ఆవిడది."

"అయ్యో! ఎవరో ఒకరు మెసేజ్ పెట్టే ఉంటరు మరి."

పెట్టారు. పార్కింగ్ వైపు నుంచి కృష్ణవేణి ఆఫీసు బట్టల్లో, ఫోన్ చేత్తో పట్టుకుని వస్తోంది. దేదీప్య తన డిస్క్ తీసుకుని ఎనిమిదో హోల్‌కి వెళ్లిపోయింది.

కృష్ణవేణి ఫోన్‌లో ఫొటో చూపించింది. "ఏడంకెకి అడ్డగీత పెట్టేది మీరొక్కరే." తలెత్తి డిస్క్ వైపు చూసింది. ఇర్వింగ్‌లో ఉండేవాళ్లకి ఆ హోల్ సంగతి తెలియనిదేం కాదు. "ఏం దాచారు?"

"ఉద్యోగం పోయింది. ఆరు వారాలైంది."

డిస్క్ కొంచెం కదిలింది. పడలేదు. ఇద్దరూ దానికేసే చూశారు.

"ఇంకా ఉందన్నమాట" అంది కృష్ణవేణి. "మరి రెడ్‌మండ్ వద్దంటానంటే నీ ఇష్టం అన్నారెందుకు?"

వీరభద్రం లంచ్ బాక్స్ మూత పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు.

"నువ్వు పైకెళ్తుంటే, నేను ఇంట్లో కూర్చుంటే, నలుగురూ ఏమంటారో అని. నువ్వు వద్దని రాస్తానంటే నాకు హాయిగా అనిపించింది, వేణీ. సిగ్గేసింది కూడా. కానీ ముందు హాయిగానే అనిపించింది."

డిస్క్ వచ్చి ఇద్దరి మధ్యా గడ్డిలో పడింది.

కృష్ణవేణికి ఏడుపొచ్చింది. ఉద్యోగం పోయినందుకు కాదు. ఆ "హాయి" అన్న మాటకి. బెంచీకి ఆ చివర కూర్చుని చాలాసేపు కళ్లు తుడుచుకుంది. తర్వాత లంచ్ బాక్స్ తీసి కాస్త రుచి చూసింది.

"ఉప్పు వేశానా ఇందులో?"

"లేదు."

"ఇలా ఎన్నిసార్లు మర్చిపోయాను?"

"చాలాసార్లు."

"అదీ చెప్పలేదు" అంది. కోపంగానే అంది గానీ గొంతు కాస్త తేలికపడింది.

ఫోన్ తెరిచి మెయిల్ చూపించింది. వద్దని రాసి ఉంది. "సెండ్ నొక్కబోతుంటే మెసేజొచ్చింది. ఇప్పుడు చెప్పండి. నీ ఇష్టం అన్నారంటే ఊరుకోను."

"వెళ్దాం" అన్నాడు వీరభద్రం. "నాకింకా భయంగానే ఉంది. అయినా వెళ్దాం."

ఆమె ఆ నాలుగు లైన్లూ చెరిపేసి, కొత్తగా రెండు రాసి, ఆయనకి చదివి వినిపించి పంపింది. అప్పటికి రెండు దాటింది.

తర్వాత చెప్పులు విప్పి, డిస్క్ తీసుకుని, ఎలా విసరాలో అడక్కుండానే విసిరింది. అది బుట్ట వైపు వెళ్లనే లేదు. గాల్లో ఎక్కడా ఆగకుండా పోయి అవతల పొదల్లో పడింది. వీరభద్రం వెతకడానికి వెళ్లాడు.