దూరపు లెన్సు

గోడ మీద ఫోటోలో ఉన్న కళ్ళు నా భార్యవి కావు. హనుమయ్య గీసినవి.

ఇందులో వాదించడానికేమీ లేదు.

హనుమయ్య నా బావమరిది. నూజివీడులో ఫోటో స్టూడియో నడుపుతాడు. వాళ్ళక్క నాగేంద్రమ్మ నా భార్య. మాఘమాసంలో పదకొండు రోజుల జ్వరంతో పోయింది. పోయాక వచ్చాడు హనుమయ్య. కుర్చీలో కూర్చోబెట్టించాడు, వెనక తెల్ల దుప్పటి పట్టించాడు, ఫోటో తీశాడు. కళ్ళు మూసుకున్న పటానికి దండ వెయ్యకూడదని ఇంట్లో పెద్దవాళ్ళన్నారట. స్టూడియోలో కూర్చుని, మూసిన రెప్పల మీద సన్నటి కుంచెతో కళ్ళు దిద్దాడు. పటం కట్టించి తెచ్చాడు.

ఆ కళ్ళు నన్ను చూస్తాయి.

నన్ను ఎరగవు.

అంతకుముందు ఆమె ఫోటో ఒక్కటే ఉండేది. పెళ్ళినాటిది. అందులో పాపిడి కనిపిస్తుంది, బాసికం కనిపిస్తుంది. తల వంచుకుంది కనక కళ్ళు కనిపించవు. ఆ రోజుల్లో పెళ్ళికూతుళ్ళంతా అంతే.

మరి నా దగ్గర కెమెరా లేదా?

ఉంది.

*

పూత...

రెడ్డిగూడెం అవతల మా మామిడితోట. మంచు పట్టిన పొద్దుటిపూట అక్కడ చెట్లు ఉండవు. వాసన ఉంటుంది. వాసనని పట్టుకుని నడిస్తే ఒక కొమ్మ వస్తుంది. కొమ్మ మీద పూత వస్తుంది. పూత మీద తేనెటీగ వస్తుంది. ఒక్కొక్కటే — ఎవరో లోపలినుంచి తెచ్చి పెడుతున్నట్టు.

ఎండ ఎక్కేసరికి అన్నీ మామూలు చెట్లే.

పూత కొన్నాళ్ళే. తరవాత రాలుతుంది. గాలి వీస్తే రాలుతుంది, వాన పడితే రాలుతుంది, ఏమీ లేకపోయినా రాలుతుంది. ముప్పై ఏళ్ళు అది రాలుతుంటే చూశాను. మా ఊరి బడి ఎనిమిదో తరగతితో అయిపోయింది, నా చదువూ అక్కడే అయిపోయింది. నాకు రాయడం రాదు, పాడటం రాదు. ఆ పొద్దుటి పూతని ఉంచుకోవాలంటే ఏం చెయ్యాలి?

కెమెరా కొనాలనుకున్నాను.

*

ఎనభై మూడులో మైలవరం సవరయ్య సెలవు మీద వచ్చాడు. ఓడల్లో పనిచేసేవాడు. జపాన్ కెమెరాలు రెండు తెచ్చుకున్నాడు, రెండిటికీ రెండు లెన్సులు. ఒక కెమెరా నాకిస్తానన్నాడు, దానితో ఒక లెన్సు. రెండోది తనకి ఉండాలి. ఏది కావాలో నా ఇష్టమన్నాడు.

ముగ్గురం బస్సెక్కి వెళ్ళాం. నేను, ఆమె, కెమెరాల సంగతి తెలిసినవాడని హనుమయ్య.

సవరయ్య వరండాలో మంచం వాల్చి, తువ్వాలు పరిచి, రెండూ పక్కపక్కన పెట్టాడు. ఒకటి పొట్టిది, పచ్చడి జాడీ మూతంత. ఒకటి పొడుగుది, మరచెంబంత. రెండిట్లోనూ అద్దం... అద్దం లోపల ఊదారంగు నీడ. బావిలోకి తొంగి చూసినట్టుంది.

పొట్టిది ఆమె తీసుకుంది. కెమెరాకి తగిలించమంది. కంటికి ఆనించుకుని నావైపు తిప్పింది. చాలాసేపు చూసింది.

"ఇందులో మీరు ఇంట్లో ఉన్నట్టే ఉన్నారండీ" అంది.

నేను పొడుగుది పెట్టి చూశాను.

మసక.

రింగు తిప్పాను. మసక... మసక... రోడ్డు అవతల గుట్ట. గుట్ట మీద మేక. మేక గడ్డం. గడ్డానికి అంటుకున్న ఆకు.



తోట బేరానికి వచ్చినవాడు చెట్టు దగ్గరికి పోడు. గట్టు మీద నిలబడతాడు. కళ్ళు చికిలించి, పూతనంతా ఒక్క చూపులో చూస్తాడు. దగ్గరికి పోతే ఒక రెమ్మ కనిపిస్తుంది కానీ తోట కనిపించదు. నేను నేర్చుకున్న చూపు అదే. నాకు ఇంకో చూపు లేదు.

"దూరపు లెన్సే తీసుకో బావా" అన్నాడు హనుమయ్య. "నీకు కావాల్సింది చెట్లూ పిట్టలేగా. మనుషుల్ని తియ్యడానికి నా స్టూడియో ఉందిగా."

దూరపు లెన్సు.

ఆ పేరు పెట్టింది హనుమయ్యే. సవరయ్య ఆ మాట అనలేదు. కానీ పేరు పడ్డాక ఇక అంతే. ఆ రోజునుంచి మా ఇంట్లో దాని పేరు అదే.

ఆమె పొట్టిదాన్ని తువ్వాలు మీద పెట్టేసింది. మెల్లగా, చప్పుడు కాకుండా.

*

మూడు పూతలు తీశాను.

మంచు తీశాను. మంచులోంచి వచ్చే కొమ్మల్ని తీశాను. రామచిలకని తీశాను, ఉడతని తీశాను, తేనెమంచు పురుగు పట్టి నల్లబడిన ఆకుని కూడా తీశాను. చిన్నరసం చెట్టు మీద పాలపిట్ట రెక్క విప్పితే — ఆ నీలం — నెల రోజులు కళ్ళు మూసుకున్నా కనిపించింది. ఫోటోలు హనుమయ్య దగ్గర కడిగించేవాణ్ణి. బాగున్నాయి బావా, అనేవాడు. అంతకు మించి ఏమీ అనేవాడు కాడు.

ఆమె స్టూడియోకి వెళ్ళలేదు. తమ్ముడు రెండుసార్లు పిలిచాడు. ఆ లైట్లు వేస్తే తనకి కళ్ళు మూతలు పడతాయంది.

మూడో ఏడు, పుష్యమాసం. పొద్దున్నే క్యారేజీ తెచ్చింది. మంచు ఇంకా విడలేదు. తననీ ఒక ఫోటో తియ్యమని అడిగింది. ఆమె ఏదీ అడిగే మనిషి కాదు.

ఇది దూరపు లెన్సు, నీకు పనికిరాదు అన్నాను.

నవ్వింది.

"నన్ను చూడాలంటే మిమ్మల్ని వదిలి పారిపోవాలన్నమాట."

క్యారేజీ కింద పెట్టి నడిచింది. చెట్ల వరస మధ్యనుంచి... వెనక్కి తిరిగి చూస్తూ... చాలా, ఇంకానా అని అడుగుతూ. ఇంకా అన్నాను. ఇంకా అన్నాను. మంచు ఆమె పాదాలు తీసుకుంది. చీర కుచ్చిళ్ళు తీసుకుంది. బొటనవేలంత అయింది. రింగు తిప్పాను. మసక... మసక... పచ్చచీర. దాని మీద ఒక తెల్లటి మరక. అది ముఖం.

రీలులో ఒక్కటే మిగిలింది. ఆ ఏడు తొలి పూత పూసిన మొక్క ఒకటుంది. దాని కోసం దాచాను.

నొక్కలేదు.

తీశారా, అని అరిచింది మంచులోంచి.

తీశానన్నాను.

*

మరుసటి నెల జ్వరం.

పదకొండు రోజులు మంచం పక్కనే కూర్చున్నాను. మాట తగ్గింది. తరవాత మాట పోయింది. చూపు మాత్రం పోలేదు. నావైపే చూసేది. పొద్దున చూసేది, మధ్యాహ్నం చూసేది. కిటికీలోంచి పూత వాసన వచ్చేది. కెమెరా మేకుకి వేలాడుతుండేది. అందులో కొత్త రీలు ఉంది.

తియ్యలేదు.

దూరపు లెన్సు కదా.

*

మళ్ళీ పూత వచ్చేనాటికి సవరయ్య ఓడ దిగి వచ్చాడు. పలకరించడానికి ఇంటికొచ్చాడు. టీ తాగాడు. మేకుకున్న కెమెరా దింపి, అద్దం తుడిచి, పటంవైపు చూశాడు. ఆ కళ్ళు దిద్దినవని ఒక్క చూపులో పట్టేశాడు. బతికుండగా మీరొకటి తియ్యలేదా అని అడిగాడు.

చెప్పాను. అది దూరానికి పనికొచ్చే లెన్సని.

ఆయన కెమెరా నావైపు తిప్పాడు.

"ఎవరు చెప్పారండీ? ఓడలో మేం ముఖాలు తీసేది దీంతోనే. అయిదడుగులు వెనక్కి జరిగితే చాలు. ముఖాలకి దీన్ని మించింది లేదు."

అయిదడుగులు.

ఆయన వెళ్ళాక కొలిచాను. మంచానికీ గుమ్మానికీ మధ్య ఏడడుగులు.

*

పటం దింపి, పేపరు చుట్టి, నూజివీడు బస్సెక్కాను.

స్టూడియోలో హనుమయ్య ఎవరిదో ఫోటో దిద్దుతున్నాడు. నాకు అబద్ధం చెప్పావన్నాను. చెప్పలేదన్నాడు. చెట్లు తీస్తానన్నావు, చెట్లకి అది మంచిదే అన్నాడు. ముఖాలకీ మంచిదని ఎందుకు చెప్పలేదన్నాను.

"నువ్వు అడగలేదు బావా."

పటం బల్ల మీద పెట్టాను. ఈ కళ్ళు మా ఆవిడవి కావు, తుడిచెయ్యమన్నాను.

కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. తెచ్చుకోలేదు. అద్దం విప్పాడు. దూది తడిపి పక్కన పెట్టాడు. కుంచె రంగులో ముంచాడు.

"చంకనేసుకుని నన్ను పెంచిన మనిషి. నాకు గుర్తున్నట్టే దిద్దాను. తప్పంటే తుడుస్తాను. నువ్వు చెప్పు బావా, అక్క కళ్ళు ఎలా ఉండేవి?"

నోరు తెరిచాను.

మా తోటలో ఏ చెట్టు పూత ఏ రంగో చెప్పగలను. బంగినపల్లిది ఒక రంగు, చిన్నరసానిది ఒక రంగు. దక్షిణపు గట్టు మీద మూడో చెట్టుది ఎర్రన. పాలపిట్ట రెక్క కింద నీలం ఎక్కడ ముదురో, ఎక్కడ లేతో చెప్పగలను. మేక గడ్డానికి అంటుకున్నది ఏ ఆకో చెప్పగలను.

ఆమె కళ్ళు...

పెద్దవా? నలుపా, తేనెరంగా? రెప్పల చివర వంపు ఉండేదా? పదకొండు రోజులు నన్నే చూశాయి. ఇరవై మూడేళ్ళు చూశాయి. రింగు తిప్పాను. లోపల ఎక్కడో తిప్పాను. మసక... మసక... మసక...

హనుమయ్య ఎదురుచూశాడు. తొందరపెట్టలేదు. కుంచె కొనన రంగు ఆరిపోయింది. మళ్ళీ ముంచాడు. అదీ ఆరింది.

పటం తీసుకుని వచ్చేశాను.

మేకుకి తగిలించాను. ఆ కళ్ళతోనే.

హనుమయ్యని క్షమించలేదు, క్షమించను. ఆ గుమ్మం మళ్ళీ తొక్కలేదు. లెన్సు గురించి నేను అడగలేదన్నాడు, అందుకు కాదు.

కళ్ళ గురించి అడిగాడు, అందుకు.

చెప్పాల్సింది ఇంతే. ఈ సంగతి ఇక ఎన్నడూ ఎత్తను. మనుషులతో ఎత్తను. ఆ పటంతోనూ ఎత్తను.