సూది చేతిలో ఉన్నప్పుడు

టీ గ్లాసు జారి నేల మీద భళ్ళున పగిలింది. "చేతులకి వెన్న రాసుకున్నావా ఏంటి?" అన్నాడు భర్త, పేపర్లోంచి తలెత్తకుండానే. ఈ నెలలో ఇది మూడోది. ఆమె వంగి గాజుపెంకులు ఏరుతుంటే కుక్కరు కూసింది, లోపలి గదిలోంచి అత్తగారు మందుబిళ్ళ కోసం పిలిచింది, "నా కళ్ళజోడెక్కడ?" అని ఆయన అడిగాడు. ముగ్గురికీ జవాబు చెప్పే తొందరలో వేలు కోసుకుంది.

ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆస్పత్రిలో రక్తం తీయడమే ఆమె ఉద్యోగం. ఆమె సూది గుచ్చితే నొప్పే తెలియదని పేరు. పసిపిల్లల చేతుల్లో కంటికి కనపడని నరాన్ని కూడా వేలికొసతో పట్టేసేది. ఆ రోజు మాత్రం ఒక ముసలావిడ చేతిలో రెండుసార్లు గుచ్చినా నరం దొరకలేదు. ఫోను మోగుతోంది, కిటికీ దగ్గర గుమాస్తా ఏదో పేరు అడుగుతున్నాడు. మూడోసారి ఆమె చేయి తను చెప్పినచోటికి వెళ్ళలేదు. తను అనుకోవడానికీ చేయి కదలడానికీ మధ్య అరక్షణం ఖాళీ. ఆ ఖాళీని చూసి ఆమె కంగారుగా సూది బయటికి లాగేసింది.

"చేతకాకపోతే ఇంకెవరినైనా పిలవండి!" అని ముసలావిడ కూతురు అరిచింది.

తన దగ్గరే సూది పట్టడం నేర్చుకున్న సూపర్‌వైజర్ ఆమెని పక్కకి పిలిచాడు. "ఏమీ అనుకోకండి మేడమ్. సోమవారం నేను పక్కనుండి చూస్తాను. కుదరకపోతే ఫైళ్ళ గదికి మారుద్దాం."

ఇంట్లో చెబితే భర్త తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "ఫైళ్ళెందుకు, మానేయ్. నువ్వు ఇంట్లో ఉంటే పగలు అమ్మని చూసుకునే ఆయాని మాన్పించేయొచ్చు."

రక్తం తీయడానికి పనికిరావేమోనన్న ఈ చేతులు, అత్తగారిని లేపి కూర్చోబెట్టడానికి, మరిగే గిన్నెలు దించడానికి ఎలా పనికొస్తాయి? ఆస్పత్రిలో చేయి తప్పితే పక్కన నిలబడి చూసేవాళ్ళున్నారు. ఇక్కడ తప్పితే వెన్న రాసుకున్నావా అంటారు, అంతే. ఇన్నేళ్ళలో ఈ చేతులు ఎంత పని చేశాయో ఎవరికీ తెలియదు, ఆమెకి కూడా. అడిగినవాళ్ళు లేరు కాబట్టి ఆమె ఎప్పుడూ తలుచుకోలేదు.

శనివారం నరాల డాక్టరు దగ్గరికి ఒక్కతే వెళ్ళింది. బొటనవేలికి చూపుడువేలు టకటకా తాకించమంది డాక్టరమ్మ. బాగానే తాకించింది. అలాగే తాకిస్తూ, వందలోంచి ఏడేడు తగ్గిస్తూ చెప్పమంది. తొంభై మూడు, ఎనభై ఆరు... వేళ్ళు ఆగిపోయాయి.

"జబ్బేం కాదమ్మా. వయసు మీదపడే కొద్దీ మెదడు చేతికి పంపే కబురు కాస్త నెమ్మదిస్తుంది. ఒక్క పనైతే మీ చేయి బాగుంది. రెండోది కలిస్తేనే తడబడుతోంది. ఒకసారికి ఒక్క పనే చేయండి."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"ఏమైందమ్మా?"

"ఒక్క పని ఎలా చేస్తారో నాకు తెలీదు డాక్టరుగారూ."

సోమవారం ఆమె ముందు ఒక పెద్దాయన చేయి చాపాడు. దారాల్లాంటి నరాలు. సూపర్‌వైజర్ చేతులు కట్టుకుని వెనకే నిలబడ్డాడు. సూది చేతిలోకి తీసుకోగానే ఫోను మోగింది. అలవాటుగా ఆమె ఎడమచేయి అటు కదిలింది. వెనక్కి తీసుకుంది.

"సూది చేతిలో ఉన్నప్పుడు నన్నెవరూ పిలవకండి. ఆ ఫోను మీరెత్తండి" అంది సూపర్‌వైజర్‌తో. తన గొంతు తనకే కొత్తగా వినపడింది.

అతని ముఖం మాడిపోయింది. అయినా వెళ్ళి ఫోనెత్తాడు. ఆమె వేలికొసతో నరం వెతికింది. ఆ అరక్షణం ఖాళీ మళ్ళీ వచ్చింది. ఈసారి కంగారుపడలేదు, అది గడిచేదాకా ఆగి సూది గుచ్చింది. గొట్టంలోకి రక్తం ఎక్కింది.

"అయిపోయిందా? తెలియనేలేదే!" అన్నాడు పెద్దాయన.

సాయంత్రం ఆమె చెప్పులు విప్పుతుండగానే భర్త అన్నాడు, "ఆయాకి చెప్పేశాను, రేపట్నుంచి రావద్దని."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మళ్ళీ ఫోన్ చేసి రమ్మనండి. నాకున్న రెండు ఉద్యోగాల్లో నేను మానేసేది ఇంట్లోది."