ఆ సూది ఎవరింటిది

సోమవారం ఉదయం ఏడున్నరకి జయమ్మ కుడి బొటనవేలి మొదట్లో సూది దిగింది.

ముక్తేశ్వరం దగ్గర ఒక చిన్న పంచాయతీలో ఆమె చెత్త రిక్షా తొక్కబట్టి ఆరేళ్లయింది. ఆ నెల మొదట్లో పంచాయతీ కొత్త తీర్మానం చేసింది. తడి చెత్త, పొడి చెత్త కలిపి ఇస్తే జరిమానా. సూదులూ మందు సీసాలూ కలిపితే రెట్టింపు, పైగా ఆ ఇంటివాళ్ల పేరు ఆఫీసు బోర్డు మీద రాస్తారు. దాంతో జనం చెత్త వేరు చేయడం మొదలుపెట్టలేదు, నల్ల కవర్లలో చుట్టి గట్టిగా ముడేసి ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ ముడులు విప్పి చూసే పని జయమ్మ నెత్తిన పడింది.

చేతికి గ్లౌజు ఉంది కానీ అది పల్చటి గుడ్డ గ్లౌజు. బెన్నీ మాస్టారి ఇంటి గేటు బయట పెట్టిన డబ్బాలోంచి తీసిన కవరు విప్పి చెయ్యి పెట్టింది. బిస్కెట్ ప్యాకెట్‌లో చుట్టిన సన్నని సిరంజి, దానికి మూత లేదు. బోరింగు దగ్గర ఎంతసేపు కడుక్కున్నా రక్తం చుక్క మళ్లీ మళ్లీ పైకి వస్తూనే ఉంది.

పంచాయతీ కార్యదర్శి కృష్ణమోహన్ ఆమెని బండి మీద అమలాపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ రక్తం తీయించి, కామెర్లు రాకుండా వేసే మూడు ఇంజెక్షన్లలో మొదటిది చేయించి, మాత్రల డబ్బా చేతిలో పెట్టింది.

"భయపడకండి. ఇవి ఇరవై ఎనిమిది రోజులు వేసుకోవాలి. తర్వాత మూడు నెలల దాకా పరీక్షలుంటాయి. ఆ సూది ఎవరు వాడేరో తెలిస్తే వాళ్ల రక్తం చూద్దాం. అందులో ఏమీ లేకపోతే మాత్రలు ఆపేయొచ్చు."

ఎయిడ్స్ అన్న మాట ఆవిడ అనలేదు. జయమ్మే అడిగింది. "దాని కోసమేనాండీ ఈ మందు?"

"దాని కోసమే. రాకుండా ఉండడానికే."

ఇంటికొచ్చాక జయమ్మ కూర్చోలేకపోయింది. వాకిట్లోకి వచ్చింది, లోపలికి వెళ్లింది, మళ్లీ వాకిట్లోకి వచ్చింది. రెండేళ్ల మనవరాలు చిన్ని చేతులు చాచి వస్తే ఎత్తుకోకుండా పక్కకి జరిగింది.

"ఏమీ కాదులేవే, కాస్త కూర్చో," అన్నాడు మొగుడు అబ్రహాము.

"దిగింది నీ చేతిలో కాదుగా," అంది.

మర్నాడు పొద్దున్నే బెన్నీ మాస్టారి ఇంటికి వెళ్లింది. హైస్కూల్లో సైన్సు చెప్తాడాయన. ఇద్దరిదీ ఒకే చర్చి. ఆయన తండ్రికి సుగరనీ, ఇన్సులిన్ తీసుకుంటాడనీ జయమ్మకి తెలుసు.

"మాస్టారండీ, నాన్నగారి సూదే అది. మీ డబ్బాలోనే ఉంది. ఒక్కసారి రక్తం ఇప్పించండి, మీకు పుణ్యముంటుంది."

"మాది కాదు జయమ్మా."

"జరిమానాకి భయపడి అబద్ధమాడతారేంటండీ! ఆదివారం వాక్యం చదివే నోరేనా అది?"

గొంతు ఎంత పెరిగిందో ఆమెకి తెలియలేదు. ఎదురింటివాళ్లు గేటు దగ్గరికి వచ్చారు. మాస్టారి మొహం పాలిపోయింది. లోపలికి వెళ్లి ఒక ప్లాస్టిక్ సీసా తెచ్చాడు. దాన్నిండా చిటికెనవేలి గోరంత పొట్టి సూదులున్నాయి.

"నాన్నగారిది ఇన్సులిన్ పెన్ను. దానికి ఇవే వస్తాయి. సిరంజి మా ఇంట్లో లేదు. అయినా నీ మనసు కుదుటపడుతుందంటే రేపే ఆయన్ని ఆసుపత్రికి తీసుకొస్తాను, రక్తం తీసుకోమను."

జయమ్మ తల వంచుకుని వచ్చేసింది.

మాస్టారి డబ్బాలో ఆ సూది ఎవరు వేశారోనని ఆ రోజంతా ఇల్లిల్లూ తిరిగింది. నిన్నటిదాకా ఆమెని గుమ్మంలో నిలబెట్టి సుగరు ఇంతుంది, కాళ్లు మంటలని చెప్పుకున్నవాళ్లే "మా ఇంట్లో ఎవరికీ సుగరు లేదమ్మా" అన్నారు. ఒకావిడ మాట్లాడుతూనే కిటికీలో ఉన్న మందుల డబ్బా కర్టెను వెనక్కి నెట్టింది.

బుధవారం ఆఫీసుకి వెళ్లి కృష్ణమోహన్‌ని నిలదీసింది. "ఎవరైనా వచ్చి చెప్తే జరిమానా లేదు, పేరు రాయం అని మైకులో చెప్పించండీ."

"తీర్మానం అయిపోయింది జయమ్మా. దాన్ని నేనొక్కణ్ణీ ఎలా మారుస్తాను? ఎవరో తెలిస్తే చెప్పు, బోర్డు మీద రాసేస్తాను."

"బోర్డు మీద పేరు నేనేం చేసుకోనండీ!"

బయటికొచ్చి రిక్షా ఎక్కింది. చెత్త వేరు చేయమని పాట వేసే స్పీకరు దానికుంది. పాట ఆపి, మైకు నోటి దగ్గర పెట్టుకుంది. మొదట గాలి చప్పుడే వచ్చింది.

"నేను జయమ్మనండీ. సోమవారం నా చేతిలో సూది దిగింది. నిన్న బెన్నీ మాస్టారిని వీధిలో అనరాని మాటలన్నాను. అది వాళ్లది కాదండీ, తప్పు నాదే. ఎవరిదైనా సరే, నాకొచ్చి చెప్పండి. మీ పేరు పంచాయతీకి చెప్పను. నాకు నిద్ర లేదండీ. తిండి సయించట్లేదు. మనవరాల్ని ఎత్తుకోలేకపోతున్నాను."

నాలుగు వీధుల్లోనూ ఇదే చెప్పింది. ఎవరూ గుమ్మం దిగలేదు.

మధ్యాహ్నం మూడింటికి చెత్త షెడ్డు దగ్గర ఉండగా కాలవ గట్టు మీంచి ఒకమ్మాయి ఆయాసపడుతూ రావడం కనిపించింది. మాస్టారి పక్కింటి రాజేశ్వరమ్మ గారి కోడలు శ్రీదుర్గ. ఏడో నెల.

"అది నాదే జయమ్మ గారూ."

జయమ్మ చేతిలోని పార కింద పడేసింది.

"కడుపుతో ఉన్నాక సుగరు వచ్చిందండీ. సూది వేసుకోవాల్సిందే అన్నారు డాక్టర్ గారు. బిడ్డకి చెరుపని, పథ్యం చాలని మా అత్తయ్య గారు ఒప్పుకోలేదు. మా ఆయన చెన్నైలో డ్యూటీ. నేనే బాత్రూంలో పొడుచుకుంటున్నాను. మా డబ్బాలో వేస్తే అత్తయ్య గారు చూస్తారని తెల్లారకుండా మాస్టారి డబ్బాలో..."

చాచి కొట్టాలనిపించింది జయమ్మకి. చెయ్యి లేచింది కూడా. ఆ పిల్ల వెనక్కి జరగలేదు, కళ్లు మూసుకుని నిలబడింది. చెమటకి జాకెట్టు తడిసిపోయింది. జయమ్మ చెయ్యి దించి, షెడ్డులో ఉన్న ఒకే ఒక్క కుర్చీ తెచ్చి వేసింది.

"ఏమైనా తిన్నావా?"

"ఆయ్, తిన్నానండీ."

శ్రీదుర్గ చీర కొంగులోంచి తల్లీబిడ్డల కార్డు తీసి చూపించింది. మూడో నెలలో చేసిన ఎయిడ్స్, కామెర్ల రక్త పరీక్షలు అందులో ఉన్నాయి. రెండిటికీ లేదనే రాసి ఉంది. జయమ్మకి చదువు కొద్దిగా వచ్చు. వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది.

"ఇవి పాతవి కదమ్మా. మళ్లీ చూస్తారేమో."

"అందుకేగా వచ్చేను. పదండి."

ఆటోలో వెళ్తుంటే శ్రీదుర్గ ఫోను మోగింది. చూసి ఆపేసింది. మళ్లీ మోగింది. మూడోసారి ఎత్తింది. "అత్తయ్యగారూ, అమలాపురం ఆసుపత్రికి వెళ్తున్నానండీ. వచ్చేక అంతా చెప్తాను."

రక్తం ఇచ్చాక గంటన్నర. జయమ్మ వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ నడుస్తూనే ఉంది. శ్రీదుర్గ బెంచీ మీద కూర్చుని ఆమెనే చూస్తోంది. నర్సు వచ్చి పిలిచినప్పుడు ఇద్దరూ ఒకేసారి లోపలికి వెళ్లారు.

"ఏమీ లేదు. ఇంక ఆ మాత్రలు ఆపేయండి," అంది డాక్టరమ్మ. "మిగతా రెండు ఇంజెక్షన్లు మాత్రం మర్చిపోకండి."

జయమ్మ అక్కడే గోడకి చేరగిలబడిపోయింది. మూడు రోజుల్లో మొదటిసారి ఏడుపొచ్చింది.

తిరిగి వెళ్లేసరికి రాజేశ్వరమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. కోడలు చెప్పింది విని కేకలేసింది. ఇంత మోసమా అంది, పరువు తీశావంది. జయమ్మ ఆటో దిగి ఇద్దరి మధ్యకి వచ్చింది.

"ఈ అమ్మాయి రాకపోతే నేనింకా మూడు నెలలు చస్తూ బతకాలండీ. ఆ సూదులు బిడ్డకి మంచివేనని డాక్టరమ్మ గారు ఇందాక నా ముందే చెప్పేరు. కావాలంటే రేపు మీరూ వెళ్లి అడగండి, నేను తోడొస్తాను."

రాజేశ్వరమ్మ గేటు తెరిచి కోడల్ని లోపలికి రానిచ్చింది, జయమ్మ మొహం మీదే గేటు వేసింది. తర్వాత ఎన్నాళ్లో ఆవిడ జయమ్మతో మాట్లాడలేదు. కానీ రెండో రోజే కోడల్ని వెంటబెట్టుకుని అమలాపురం బస్సెక్కింది.

పై వారం పంచాయతీ సమావేశంలో జయమ్మ లేచి నిలబడింది. ఎవరి పేరూ చెప్పలేదు.

"సూదులకి జరిమానా తీసెయ్యండి. బోర్డు తీసెయ్యండి. ఎవరి సూదులు వాళ్లు సీసాలో వేసి మన ఊరి నర్సమ్మ గారికి ఇచ్చేలా రాయండి. దాచుకున్న సూదే నాకు గుచ్చుకుంది."

"ముందు నీకు మంచి గ్లౌజులు కొనాలని రాయాలి," అన్నాడు వెనక కూర్చున్న బెన్నీ మాస్టారు.

వాళ్లలో వాళ్లు చాలాసేపు వాదించుకున్నారు. చివరికి కృష్ణమోహన్ రెండూ రాశాడు. రాసింది పైకి చదవమని జయమ్మ పట్టుబట్టింది. చదివాక తల ఊపి, చెప్పులేసుకుని రిక్షా దగ్గరికి నడిచింది. తూర్పు వీధిలో ఇంకా చెత్త ఎత్తలేదు.