చేదు గుంజ

ఆ ఉదయం ఆకాశం కురవాలో వద్దో తేల్చుకోలేక బూడిదరంగులోనే ఉండిపోయింది. మా వసారా గుంజ మొదలును చెదలు తినేశాయి, వేలు పెడితే లోపలికి దిగుతోంది. అమ్మ మంచం దాని పక్కనే. అక్కణ్ణుంచి జరగమంటే ఆమె జరగదు. వానలు ముదిరేలోగా గుంజ మార్చాలి, పైన అటకకు కొత్త పలక వేయాలి.

అన్నయ్య నాన్న దగ్గర వడ్రంగం నేర్చినవాడు. చెదలమందు ఎక్కించిన కలప మా గడప తొక్కకూడదన్నది అతని పట్టు. పాత చేవకర్ర కోసం తిరగని చోటు లేదు. దొరకలేదు. చివరికి నాతో కలప అడితికి వచ్చాడు.

ప్లైవుడ్ పలకల అంచుల వెంట బొటనవేలు నడిపాడు. పొరల మధ్య సందున్నదాన్ని పక్కకు నెట్టాడు. ఇంకోదాన్ని వేలి కణుపుతో కొట్టి చెవి ఆనించాడు. మెడ వంచడం కూడా అచ్చం నాన్నే.

"తలుపు కొడుతున్నావా మేస్త్రీ? లోపల ఎవరూ లేరు," అన్నాడు అడితి ఆసామి.

"ఉండకూడదనే కొడుతున్నా."

పచ్చటి ఛాయ తిరిగిన గుంజల దగ్గర ఆగాడు. నాన్న బతికుండగా, కర్ర కొనేముందు కోసిన కొసకు నాలుక ఆనించేవాడు. తీపి తగిలితే చెదలకు విందు, చేదు తగిలితే ఇంటికి అండ అనేవాడు. అన్నయ్య చెయ్యి అలవాటున గుంజను ఎత్తింది. నాలుక ఆనింది.

"అది మందయ్యా, ఉమ్మెయ్," అంటూ ఆసామి చెంబుతో పరుగెత్తుకొచ్చాడు. "చెదలకు పెట్టింది నువ్వు తింటే ఎట్లా?"

అన్నయ్య పుక్కిలించి ఉమ్ముతూనే ఉన్నాడు. చిన్నప్పుడు నాన్న మా ఇద్దరి నాలుకలకూ వేపచెక్క తాకించి, మా మొహాలు చూసి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. నాకదే గుర్తొచ్చింది. అతనికీ వచ్చిందనుకుంటా, మూతి తుడుచుకుని గుంజనే చూస్తూ నిలబడ్డాడు.

"బండిలో వేయించు. కోసినచోట పూయడానికి మందు డబ్బా కూడా ఇవ్వు," అన్నాడు.

ఇంటికొచ్చి గుంజను గోడకు ఆనించాం. అమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగింది.

"నాలుక పెట్టి చూశావా?"

"చూశానే."

"ఎట్లా ఉంది?"

"చేదు."

అమ్మ వెళ్లి మంచం తనే లోపలికి లాక్కుంది. తర్వాత ముగ్గురికీ కంచాలు పెట్టింది. అన్నయ్య మొదటి ముద్ద చాలాసేపు నమిలాడు. గుంజకు ఎదురుగా కూర్చుని తిన్నాం.